సముద్రం చూడని పిల్లలకు సముద్రశోధకురాలి కథ

గత సంచికలో పిల్లలకు మహనీయుల జీవితాలు చెప్పడం గురించి రాస్తూ, సముద్రాన్ని శోధించినవారి కథలు మన పిల్లలకు దాదాపుగా అందడం లేదని ఒక వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యం మీద వచ్చినన్ని ఉత్తరాలు మిగిలిన జవాబు మీద రాలేదు. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులకు పాఠాలు చెబుతున్నాను. మా పిల్లల్లో ఒక్కరు కూడా సముద్రం చూడలేదు. ఒక వ్యక్తి జీవితం ఆధారంగా వారికి సముద్రశోధన గురించి చెప్పాలని ఉంది. ఎవరి జీవితం ఎంచుకోవాలి? ఆరేడేళ్ళ పిల్లలకు ఆ కథను ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక ఉపాధ్యాయిని, ఖమ్మం జిల్లా

జవాబు: అమెరికా సముద్రశోధకురాలు సిల్వియా ఎర్ల్ జీవితాన్ని ఎంచుకోండి. ఆమె పేరుప్రఖ్యాతులను చూసి ఈ మాట చెప్పడం లేదు. నీటిలోని ప్రాణులను ఓపికగా చూడటం ఆమె నేర్చుకున్నది సముద్రం దగ్గర కాదు, ఇంటి వెనక ఉన్న ఒక కుంట దగ్గర. 1935లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో పుట్టి, అక్కడ పొలాల మధ్య ఉన్న ఇంట్లో పెరిగిన ఆమె, ఆ కుంట గట్టున గంటల తరబడి కూర్చుని, నీటిలో తిరిగే ప్రాణులను చూసి, చూసినవాటిని ఒక నోటుపుస్తకంలో రాసుకునేవారు. పన్నెండేళ్ళ వయసులో కుటుంబం ఫ్లోరిడాలోని డనీడిన్ అనే ఊరికి మారాక మెక్సికో సింధుశాఖ ఆమెకు పెరడైంది. మీ ఊళ్ళో చెరువు ఉంటుంది. వానాకాలంలో బడి ముందే నీటిగుంట నిలుస్తుంది. అంటే ఈ కథలోని మొదటి అధ్యాయం మీ పిల్లలకు ఇప్పటికే తెలుసు.

నేను ఈ కథను తరగతిలో మొదటిసారి చెప్పినప్పుడు చేసిన పొరపాటు మీరు చేయకూడదని ఇక్కడ రాస్తున్నాను. అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థకు ప్రధాన శాస్త్రవేత్త అయిన మొదటి మహిళ అని, ఫలానా సంవత్సరంలో ఫలానా లోతుకు దిగారని, ఘనతలన్నీ వరసగా చెప్పుకుంటూ పోయాను. పిల్లలు మర్యాదగా విన్నారు. చివరికి రెండో తరగతి పిల్ల ఒకతి లేచి, “అక్కడ ఆమెకి ఏం కనిపించింది టీచర్?” అని అడిగింది. నేను చెప్పని ఒకే ఒక్క విషయాన్ని ఆ పిల్ల పట్టుకుంది. ‘మొదటి మహిళ’ అన్న మాట విలువ తెలియాలంటే అంతకుముందు ఆడవాళ్ళను ఎందుకు రానివ్వలేదో తెలిసి ఉండాలి. ఆరేళ్ళ పిల్లకు అది తెలియదు. ఏం కనిపించింది అన్నది మాత్రం ఏ వయసుకైనా అందుతుంది. ఆ రోజు నుంచి నేను కథను సముద్రపు అడుగు నుంచే మొదలుపెడుతున్నాను.

1979లో హవాయి దీవుల్లోని ఓహూ తీరానికి కాస్త దూరాన, సిల్వియా ఎర్ల్ ఒక చిన్న జలాంతర్గామి ముందున్న పీఠం మీద నిలబడి 381 మీటర్ల లోతుకు దిగారు. ఒంటిమీద జిమ్ అనే లోహపు కవచం ఉంది. అది చూడటానికి వ్యోమగామి దుస్తులలాగే ఉంటుంది గాని, తేలిక లోహంతో చేసినా మనిషి కన్నా ఎన్నో రెట్లు బరువుంటుంది. చేతుల చివర వేళ్ళకు బదులు పట్టకారుల్లాంటి కొక్కేలుంటాయి. అడుగుకు చేరాక, తనను పీఠానికి బిగించి ఉంచిన పట్టీ విప్పించుకుని, ఆమె నేల మీదికి దిగి నడిచారు. పైన ఉన్న ఓడకు ఆమెను కట్టి ఉంచిన తాడేదీ లేదు. జలాంతర్గామిలోని వారితో మాట్లాడటానికి ఒక తీగ మాత్రం ఉంది. అలా రెండున్నర గంటలు తిరిగారు. ఆ చీకటిలో, మనిషి కన్నా ఎత్తుగా, మెలికలు తిరిగిన తీగల్లాగా నిలబడి ఉన్న వెదురు పగడాలను చూశారు. కొక్కెంతో మెల్లగా తాకితే, తాకిన చోటి నుంచి నీలి వెలుగు వలయాలు వలయాలుగా పగడం పొడవునా పాకింది.

ఈ చోట ఆగండి. తరగతి గది కిటికీలు మూయించి, మిణుగురు పురుగును ఎవరు చూశారో అడగండి. పల్లె పిల్లల్లో సగం మంది చేతులెత్తుతారు. సూర్యుడి వెలుగు నీటిలో కిందికి పోయేకొద్దీ తగ్గుతుందని, 200 మీటర్లు దాటాక మొక్కలు బతకడానికి చాలినంత వెలుగు ఉండదని, అందుకే అక్కడి ప్రాణులు ఎన్నో మిణుగురుల్లాగా తమ వెలుగును తామే పుట్టించుకుంటాయని అప్పుడు చెప్పండి. పగడం అంటే బామ్మ మెడలోని ఎర్రని పూస మాత్రమే అనుకునే పిల్లలకు అది చిన్నచిన్న ప్రాణులు కలిసి కట్టుకున్న ఇల్లు అని తెలియడం కూడా ఒక పెద్ద వార్తే.

మర్నాడు మరొక ఘట్టం. 1970లో కరీబియన్ సముద్రంలోని వర్జిన్ దీవుల దగ్గర, దాదాపు 15 మీటర్ల లోతున కట్టిన ఒక ఇంట్లో, ఆమె మరో నలుగురు స్త్రీలతో కలిసి రెండు వారాలు నివసించారు. టెక్టైట్ అనే పేరున్న ఆ పథకంలో అంతకుముందంతా పురుషులే ఉండేవారు. స్త్రీలు కూడా దరఖాస్తు చేస్తారని నిర్వాహకులు ఊహించలేదు. చేశాక, స్త్రీలతోనే ఒక బృందాన్ని పంపారు, ఆమె దానికి నాయకురాలయ్యారు. పిల్లలకు ఇందులో నచ్చేది వేరే. నీటి కింద ఇల్లు, అందులో మంచాలు, వంటగది, వేడినీళ్ళ స్నానం. తలుపు తెరిస్తే చేపల వీధి. రోజూ అదే చోటికి వెళ్ళడం వల్ల ఆమె చేపలను విడివిడిగా గుర్తుపట్టగలిగారు: ఇది నిన్నటి చేపే, దీనికి భయం ఎక్కువ, అది కొత్తదాన్ని చూడటానికి దగ్గరికి వస్తుంది అని తెలిసింది. మీ పిల్లలను వారం రోజుల పాటు బడి ఆవరణలోని ఒకే చెట్టును, లేదా ఒకే చీమల పుట్టను, రోజూ ఐదు నిమిషాలు చూడమనండి. రాయగలిగినవారు రాస్తారు, రాయలేనివారు బొమ్మ వేస్తారు. మూడో రోజు నుంచి, ముందు కనబడనివి కనబడటం మొదలవుతుంది. సముద్రశోధన అంటే ధైర్యం చేసి దూకడం అనుకుంటారు పిల్లలు. చాలా భాగం ఇలా మళ్ళీమళ్ళీ చూడటమే. ఆమె డాక్టరేటు పరిశోధన మెక్సికో సింధుశాఖలోని గోధుమరంగు నాచుల మీద. అందుకోసం వేలకొద్దీ నాచు నమూనాలను సేకరించి, ఎండబెట్టి, పేర్లు రాసి భద్రపరిచారు.

చివరగా, సముద్రం మీ ఊరికి దూరం అనుకోవద్దు. భద్రాచలం దాటిన గోదావరి నీళ్ళు కోనసీమలో అంతర్వేది వంటి చోట్ల బంగాళాఖాతంలో కలుస్తాయి. వరదల కాలంలో సముద్రం నుంచి ఎదురీది గోదావరిలోకి వచ్చే పులస ఆ దారి తెలిసిన చేప. నల్లబల్ల మీద ఒక చివర మీ వాగును, రెండో చివర సముద్రాన్ని గీసి, మధ్యలో గోదావరితో కలపండి. ఒడ్డున పుట్టకపోయినా సముద్రశాస్త్రవేత్త కావచ్చని చెప్పడానికి మన దేశంలోనే అదితి పంత్ ఉన్నారు. చుట్టూ వందల కిలోమీటర్ల వరకు సముద్రం లేని నాగపూర్‌లో పుట్టిన ఆమె, 1983లో బయలుదేరిన భారత బృందంతో అంటార్కిటికాకు వెళ్ళారు. అక్కడ అడుగుపెట్టిన మొదటి ఇద్దరు భారతీయ మహిళల్లో ఆమె ఒకరు.

ప్రశ్న: మా ఆరేళ్ళ అమ్మాయికి సిల్వియా ఎర్ల్ సముద్రగర్భ నడక గురించి చెప్పాను. “అన్ని నీళ్ళు మీద పడితే ఆమె నలిగిపోలేదా? మరి చేపలెందుకు నలిగిపోవు?” అని అడుగుతోంది. ఒత్తిడి గురించి ఈ వయసులో చెప్పవచ్చా?
— ఒక తల్లి, హైదరాబాదు

జవాబు: చెప్పవచ్చు, కాని ‘ఒత్తిడి’ అనే మాట ఆఖరున రావాలి. ముందు బకెట్టు నిండా నీళ్ళు పట్టండి. అమ్మాయి చేతికి పెద్ద పాలిథిన్ సంచి తొడిగి, మూతి నీటి పైనే ఉండేలా చూస్తూ, మెల్లగా ముంచమనండి. సంచి నాలుగు వైపుల నుంచీ చేతికి అతుక్కుపోతుంది. వేళ్ళ సందుల్లోకి కూడా నొక్కుకుంటుంది. నీళ్ళు పైనుంచి మాత్రమే కాక అన్ని వైపుల నుంచీ నొక్కుతాయని ఆమె చేతికే తెలుస్తుంది. తరవాత ఒక ప్లాస్టిక్ సీసాకు పైన, మధ్యన, కింద మూడు రంధ్రాలు పెట్టి నీళ్ళు నింపండి. కింది రంధ్రం నుంచి వచ్చే ధార అన్నిటికన్నా బలంగా చిమ్ముతుంది. లోతు పెరిగితే నొక్కుడు పెరుగుతుందన్న సంగతి దీనితో కళ్ళకు కడుతుంది.

మీకోసం లెక్క కూడా చెబుతాను. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు, నేల మీద మనపై గాలి మోపే ఒత్తిడి ఎంతో అంత ఒత్తిడి అదనంగా చేరుతుంది. 381 మీటర్ల దగ్గర బొటనవేలి గోరంత చోటు మీద, అంటే సుమారు ఒక చదరపు సెంటీమీటరు మీద, దాదాపు 40 కిలోల బరువు మోపినట్టు ఉంటుంది. అమ్మాయికి ఆ అంకె చెప్పకండి. తన గోరు మీద రెండు చిన్న బియ్యం బస్తాలు పెట్టినట్టు అని చెప్పండి. జిమ్ కవచం ఆ బరువంతా తానే మోసింది. లోపలి గాలి మాత్రం మన ఇంట్లో గాలి ఉన్నట్టే ఉంది. అందుకే ఆమె నలిగిపోలేదు.

ఇక చేపల సంగతికి రెండు బుడగలు కావాలి: ఒకదానిలో గాలి ఊదండి, మరొకదానిలో నీళ్ళు నింపండి. రెండింటినీ అరచేతుల మధ్య పెట్టి, అన్ని వైపుల నుంచీ ఒక్కలాగే నొక్కాలని చూడండి. గాలి బుడగ కుదించుకుంటుంది. నీళ్ళ బుడగ ఆకారం మారుతుందే కాని చిన్నది కాదు. లోతైన నీటి ప్రాణుల ఒళ్ళు చాలావరకు నీటితోనే నిండి ఉంటుంది కాబట్టి లోపలి నొక్కుడు, బయటి నొక్కుడు సమానం అవుతాయి. మన ఒంట్లో ఊపిరితిత్తులు, చెవులు గాలితో నిండిన చోట్లు, కష్టమంతా వాటికే.

అమ్మాయి అక్కడితో ఆగక, “మరి పైకి గబగబా రావచ్చా?” అని అడిగితే గోలీ సోడా కొనివ్వండి. గోలీని లోపలికి నొక్కగానే అంతవరకు నీటిలో అణిగి ఉన్న వాయువు బుడగలుగా పొంగుతుంది. ఒత్తిడి గల గాలిని పీల్చినవారి రక్తంలో కూడా వాయువు అలాగే కరిగి ఉంటుంది కనుక, టెక్టైట్ ఇంటి నుంచి బయటికి వచ్చిన వారు గంటల తరబడి ఒక ప్రత్యేకమైన గదిలో కూర్చుని, ఒత్తిడిని కొంచెం కొంచెంగా తగ్గించుకున్నాకే మామూలు గాలిలోకి వచ్చారు. మన చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ముగ్గురు మనుషులను 6,000 మీటర్ల లోతుకు తీసుకువెళ్ళడానికి మత్స్య-6000 అనే వాహనాన్ని తయారుచేస్తోంది. మనుషులు కూర్చునే గోళం 80 మిల్లీమీటర్ల మందం గల టైటానియంతో ఉంటుంది. అంత మందం ఎందుకో, ఈ సంచీ ఆట ఆడిన పిల్లకు వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో మత్స్యకార కుటుంబం. డిగ్రీ చదివి, మా ఊరి పిల్లలకు సాయంత్రం పాఠాలు చెబుతున్నాను. సిల్వియా ఎర్ల్ గురించి చెబుతూ, ఆమె చేపలు తినడం మానేశారని కూడా చెప్పాను. మా అన్నయ్య కూతురు ఇంటికి వచ్చి, “చిన్నాన్నా, నాన్న చేసేది తప్పా?” అని అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ సంగతి చెప్పకుండా ఉండవలసిందా?
— ఒక యువకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: బాబూ, ముందు ఆ పాపను దగ్గర కూర్చోబెట్టుకుని, “నాన్న తప్పు చేయడం లేదు” అని సూటిగా చెప్పండి. మిగిలిన వివరణ ఏదైనా దాని తరవాతే. బిడ్డ అడిగింది చేపల గురించి కాదు, తండ్రి గురించి.

ఆమె చేపలు తినడం మానేసిన మాట నిజమే. ఆ నిర్ణయం వెనక ఆమె చూసినదంతా ఉంది: తాను చిన్నప్పటి నుంచి ఎరిగిన నీళ్ళలో పెద్ద చేపలు తగ్గిపోవడం, భారీ ఓడలు బరువైన వలలతో సముద్రపు నేలను గీకుతూ పోవడం, అలా గీకిన చోట మళ్ళీ పగడాలు పెరగడానికి మనిషి జీవితకాలం కూడా చాలకపోవడం. తెల్లవారుజామున పడవ తోసుకుని వెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగి వచ్చే మీ అన్నయ్య వేటకూ దీనికీ ఉన్న తేడాను దాచకుండా చెప్పాలి. ఆమె తీసుకున్న నిర్ణయాన్ని ఆమె నిర్ణయంగానే చెప్పండి. మరో దేశంలో, మరో జీవితంలో తీసుకున్న నిర్ణయాన్ని, ఇంటి కూడు సముద్రం మీద ఆధారపడిన పిల్లల మీద పెట్టడం న్యాయం కాదని నా నమ్మకం. దాన్ని దాచిపెట్టడం కూడా సరి కాదు. ఏడెనిమిదేళ్ళు వచ్చాక, కారణంతో సహా చెప్పదగిన సంగతే అది.

అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేట ఆగిపోతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రెండు నెలలు ఇల్లు ఎలా గడుస్తుందో ఆ పాప కళ్ళారా చూస్తోంది. సముద్రాన్ని కాపాడటం అనే మాటకు అంతకన్నా దగ్గరి ఉదాహరణ ఏ పుస్తకంలోనూ దొరకదు. దాని బరువు మోస్తున్నది తన తండ్రే అని ఆమెకు చెప్పండి. శీతాకాలం చివర మీ ఇసుకలో గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళ సంగతీ అంతే. వలలో చిక్కిన తాబేలు పైకి వచ్చి ఊపిరి తీసుకోలేక చనిపోతుంది. చిక్కిన తాబేలును విడిపించి నీటిలోకి వదిలిన వేటగాళ్ళు మీ ఊళ్ళోనూ ఉండే ఉంటారు. వారిలో ఒకరిని మీ సాయంత్రపు తరగతికి పిలవండి.

ఆ పాపకు ఒక పని అప్పగించండి. నీటి రంగు చూసి ఏం తెలుసుకుంటారు, పోటు ఎప్పుడు వస్తుందో ఎలా లెక్క కడతారు, ఒడ్డు కనబడని చోట దారి ఎలా పడతారు అని తండ్రిని అడిగి, ఆయన చెప్పిన మాటలనే నోటుపుస్తకంలో రాసుకు రమ్మనండి. సిల్వియా ఎర్ల్ కుంట దగ్గర కూర్చుని నింపిన పుస్తకం పక్కన పెట్టదగిన పుస్తకం అవుతుంది అది. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం ఉపగ్రహాల నుంచి అందిన నీటి వేడి, నీటి రంగు ఆధారంగా చేపలు ఎక్కడ దొరకవచ్చో మత్స్యకారులకు చెబుతుంది. నీటి రంగును చదవడం మీ పెద్దలకు ఎప్పుడో తెలిసిన విద్య అని ఆ పాపకు అర్థమైతే, తన ప్రశ్నకు జవాబు తానే చెప్పుకుంటుంది.

ప్రశ్న: మా అబ్బాయికి ఫ్రెంచి సముద్రశోధకుడు జాక్ కూస్తో జీవితం చెప్పాలనుకున్నాను. ఆయన తొలినాటి చిత్రంలో సొరచేపలను చంపిన దృశ్యాలు ఉన్నాయని తెలిసి వెనకాడుతున్నాను. అలాంటివారిని పిల్లలకు ఆదర్శంగా చూపవచ్చా?
— ఒక తండ్రి, విజయవాడ

జవాబు: చూపవచ్చు. 1956లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం పొందిన ఆ చిత్రంలో మీరన్న దృశ్యాలు ఉన్నాయి. గాయపడి చనిపోయిన తిమింగలం పిల్లను తింటున్న సొరచేపలను ఓడలోనివారు చంపారు. చేపలను లెక్కపెట్టడానికి పగడపు దిబ్బలో మందుగుండు పేల్చారు. తిమింగలం పిల్ల గాయపడింది వారి ఓడ వల్లనే. ఐదేళ్ళ పిల్లకు ఈ భాగం అక్కరలేదు. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి మాత్రం, పెద్దవాళ్ళు కూడా తెలియక చెడు చేస్తారని, చేశాక మారవచ్చని చెప్పడానికి ఇంత స్పష్టమైన జీవితం అరుదు. 1960లో మధ్యధరా సముద్రంలో అణు వ్యర్థాలు పారబోయాలన్న ఆలోచనను ఆయన ఎదిరించారు. ముసలితనంలో అంటార్కిటికాలో గనులు తవ్వకూడదని దేశదేశాలూ తిరిగి సంతకాలు సేకరించారు. ఆ తవ్వకాలను నిషేధించే ఒప్పందం 1991లో కుదిరింది. చంపినది, కాపాడినది, రెండూ ఒకే మనిషి అని చెప్పండి.

ఆయన కథలో చిన్నపిల్లలకు నచ్చే భాగం యౌవనంలో ఉంది. విమాన చోదకుడు కావాలనుకున్న యువ నౌకాదళ అధికారి కారు ప్రమాదంలో చేతులు విరగ్గొట్టుకుని, అవి బాగుపడటానికి సముద్రంలో ఈదుతూ, ఒక స్నేహితుడు ఇచ్చిన నీటి కళ్ళద్దాలు పెట్టుకుని కిందికి చూశాడు. అంతే, ఆకాశం మాట మరిచిపోయాడు. 1943లో ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరుతో కలిసి ఆయన తయారుచేసిన ఆక్వాలంగ్, మనిషి పీల్చినప్పుడు మాత్రమే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపడా గాలిని అందిస్తుంది. పైనుంచి గొట్టం లాక్కుంటూ నడవవలసిన అవసరం దానితో పోయింది. పదేళ్ళ తరవాత, 1953లో, ఫ్లోరిడాలో కాలేజీ విద్యార్థినిగా ఉన్న సిల్వియా ఎర్ల్ నీటి కింద తొలిసారి స్వేచ్ఛగా ఊపిరి పీల్చింది అలాంటి పరికరంతోనే. ఈ రెండు కథలనూ అక్కడ ముడివేయండి.

ప్రశ్న: అమెరికాలో పుట్టిన మా పాపకు సముద్రం మాటలన్నీ ఇంగ్లీషులోనే వచ్చు. ఈ కథను తెలుగులో చెబితే అర్థమవుతుందా?
— ఒక తల్లి, డాలస్

జవాబు: వస్తువును చేతికిచ్చి మాట చెప్పండి, అర్థమవుతుంది. మీ పూజగదిలో శంఖం ఉండవచ్చు. అది ఒకప్పుడు ఒక ప్రాణి ఇల్లు. గవ్వలు, ముత్యాలు, పగడాలు ఇంట్లో ఏదో ఒక మూల ఉంటాయి. చిన్న అల, పెద్ద కెరటం. నీరు వెనక్కి తగ్గితే ఆటు, ముందుకు వస్తే పోటు. జలాంతర్గామి అనే మాటను విడదీసి ‘నీటి లోపల వెళ్ళేది’ అని చెబితే పిల్లలు ఎంతో సంతోషిస్తారు. తిమింగలం, సొరచేప, తాబేలు, నాచు అన్నవి కథలోనే అలవాటవుతాయి. ఆక్టోపస్‌ను ఆక్టోపస్ అనే అనండి. ఎవరూ వాడని మాటను వెదికి తెచ్చి పిల్ల నోట పలికించనక్కరలేదు.

ప్రశ్న: మాది దివిసీమ. 1977 ఉప్పెనలో మా పుట్టింటివాళ్ళలో ఐదుగురు పోయారు. ఐదేళ్ళ మనవరాలికి బడిలో సముద్రం ఎంత అందమైనదో చెబుతున్నారు. అది వచ్చి నాకు చెబుతుంటే నేను మాట్లాడలేక లేచిపోతున్నాను. దానికి నిజం చెప్పాలా, నోరు మూసుకోవాలా?
— ఒక నాయనమ్మ, కృష్ణా జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టి, మళ్ళీ తీశాను. నోరు మూసుకోవద్దు. మీరు లేచిపోవడం ఆ పిల్ల చూస్తూనే ఉంది. కారణం తెలియకపోతే తన మాటల్లోనే ఏదో తప్పు ఉందనుకుంటుంది. “నా చిన్నప్పటివాళ్ళు కొందరు పెద్ద గాలివానలో, సముద్రపు నీళ్ళు ఊళ్ళోకి రావడం వల్ల చనిపోయారు. వాళ్ళు గుర్తొస్తే నాకు ఏడుపు వస్తుంది. నువ్వు చెప్పేది మాత్రం నాకు వినాలనే ఉంది” అని చెప్పండి. ఐదేళ్ళ వయసుకు అంత చాలు. ఎంతమంది, ఎలా అన్నది అది పెద్దదయ్యాక అడుగుతుంది.

ఇంకాస్త పెద్దయ్యాక ఉప్పెన ఎలా వస్తుందో కూడా చెప్పవచ్చు. పళ్ళెంలో నీళ్ళు పోసి ఒక వైపు నుంచి గట్టిగా ఊదితే నీరు రెండో అంచుకు చేరి పైకి లేస్తుంది. తుపాను గాలి సముద్రాన్ని అలాగే ఒడ్డుకు నెడుతుంది. మన తీరం దగ్గర లోతు తక్కువ కావడంతో ఆ నీటికి పోవడానికి చోటు లేక నేల మీదికి వస్తుంది. నవంబరు 19 నాటికి అది వస్తోందని మీ వాళ్ళకు చేరవలసినట్టుగా కబురు చేరలేదు. ఈనాడు బంగాళాఖాతంలో లంగరు వేసి ఉంచిన బోయాలు, అంటే నీటి మీద తేలే కొలత పరికరాలు, గాలిని, అలలను కొలిచి పంపుతున్నాయి, ఉపగ్రహాలు తుపానును పుట్టినప్పటి నుంచి చూస్తున్నాయి, ఏ ఊళ్ళోకి నీరు రావచ్చో ముందే లెక్కగట్టి చెబుతున్నారు, తుపాను రక్షిత భవనాలు ఉన్నాయి. సముద్రాన్ని ఓపికగా కొలిచినవారి పని వల్లే ఇది సాధ్యమైంది. మీ దివిసీమ అంచున ఉన్న మడ అడవులు కెరటాల ఉధృతిని తగ్గిస్తాయని కూడా ఇలాంటివారే చెప్పారు. సముద్రం అందమైనదని బడిలో చెప్పింది నిజం, మీకు తెలిసిందీ నిజం. మీ మనవరాలికి రెండూ మీ ఒడిలోనే తెలియడం మంచిది.

సిల్వియా ఎర్ల్‌ను మూడేళ్ళ వయసులో న్యూజెర్సీ ఒడ్డున ఒక అల పడదోసింది. ఊపిరాడలేదు. తరవాత కాళ్ళు నేలకు తగిలాయి, లేచి నిలబడ్డారు. భయం, ఇష్టం ఒకే రోజున మొదలయ్యాయని ఆమె కథ వింటే అనిపిస్తుంది. మీకు మనసు ఒప్పినప్పుడు, ఒక శీతాకాలపు ఉదయం, సముద్రం నెమ్మదిగా ఉన్న రోజున, కొడుకునో కోడలినో తోడు తీసుకుని మనవరాలితో హంసలదీవి వెళ్ళండి. పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని, నీళ్ళు చీలమండల వరకే వచ్చే చోట నిలబడండి. అల వెనక్కి పోయేటప్పుడు పాదాల కింద ఇసుక జారుతుంది. “నాయనమ్మా, ఇసుక ఎక్కడికి పోతోంది?” అని అది అడుగుతుంది. ఇంకో అల వచ్చేదాకా ఆగి, ఇద్దరూ కలిసి చూడండి.